దువ్వెన ఆగకూడదు

బాత్రూం తలుపుకు లోపలి నుంచి గడియ పడి గంట దాటింది.

తలుపుకు ఇవతల నాయనమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఆమె పక్కనే కోడలు గోడకు ఆనుకుని నిలబడింది. లోపల ఉన్నది పదకొండేళ్ల పిల్ల. కుళాయి కట్టేసి ఉంది. ఏ చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవడమే ఇద్దరి ప్రాణాలూ తోడేస్తోంది.

"ఇంతకీ నేనేమన్నానని? కనుబొమ ఏదే అన్నాను. అంతేగా," అంది నాయనమ్మ పదోసారి.

"అంతే అనలేదత్తయ్యా. అయ్యయ్యో ఇదీ పీకేశావా, ఇక మిగిలిందేముందే అన్నారు. వీధి చివరిదాకా వినబడింది."

"నా గొంతే అంత. దానికి నేనేం చెయ్యను?"

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. పిల్ల తండ్రి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, వేళ్ల సందుల్లో నురగ. కబురు అందగానే, ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో ఉన్న మనిషిని సెలూన్ కుర్చీలోనే వదిలేసి, రెండో కుర్చీ దగ్గర పనిచేసే ఆయనకు అప్పజెప్పి పరుగెత్తుకొచ్చాడు. ఊళ్లో సగం తలలు ఆ సెలూన్‌లో అతని చేతికింద వంగినవే. ఇంట్లో ఉన్న ఒక్క చిన్న తల మాత్రం మూడు వారాలుగా అతని వైపు తిరగడం లేదు.

"ఎంత మేర?" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"ఎడమది మొత్తం. కుడిది సగం."

అతను తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. "తియ్యవే. నిన్నే. తలుపు తియ్యి."

గడియ కదల్లేదు.

"అలా బాదితే తీస్తుందా?" అంది భార్య.

"మరెలా బాదాలో నువ్వు చెప్పు. జుట్టు తీసేస్తే పీకడానికి ఏముంటుంది, చెయ్యి దానంతటదే మానుకుంటుంది అనుకున్నాను. ఇలా కనుబొమల మీద పడుతుందని కలగన్నానా?"

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. సరిగ్గా అదే చేశారు."

"నువ్వు మాత్రం? మూడు నెలలు పాపిడి అటు మార్చి ఇటు మార్చి ఆ ఖాళీ చోటు నాకు కనపడకుండా దాచావు. కళ్లద్దాల షాపులో కూర్చుని ఊరందరికీ చూపు తెప్పించేదానివి, ఇంట్లో మాత్రం నా కళ్లు కప్పావు."

"దాచాను. మీకు తెలిస్తే ఇదిగో, ఇలాంటి పనేదో చేస్తారని దాచాను. చేశారు కదా."

నాయనమ్మ ఏదో అనబోయి, కోడలి మొహం చూసి మానుకుంది.

మూడు వారాల కిందటి గురువారం సాయంత్రం అతను చేసింది ఆ ఇంట్లో ఇవాళ్టిదాకా ఎవరూ పైకి అనుకోలేదు. కూతుర్ని షాపుకి తీసుకెళ్లి, మొదటి కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టి, మిషన్ పెట్టి తలంతా పొట్టిగా లాగేశాడు. జుట్టు కత్తిరించే పనివాడికి ప్రతి కష్టానికీ మిషనే మందుగా కనిపించింది. పిల్ల ఏడవలేదు. ఒళ్లో పడిన జుట్టును చూస్తూ కూర్చుంది. ఆనాటి నుంచి స్కూలు బస్సెక్కలేదు, షాపు గడప తొక్కలేదు, తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నం తింటావా అని అతను అడిగితే, తింటానని అమ్మకు చెప్పేది.

అంతకు ముందు సంగతి వేరు. ప్రతి సాయంత్రం హోంవర్క్ ముగించుకుని షాపుకి వచ్చేది. కటింగ్ అయిన మనిషి వెనక నిలబడి, చిన్న అద్దం పట్టుకుని, "వెనక బాగుందా అండీ?" అని అడిగే ఉద్యోగం దానిది. వచ్చేవాళ్లంతా చిన్నమేస్త్రి అని పిలిచేవాళ్లు. ఆ పేరు మొదట పెట్టింది తండ్రే. ఇప్పుడు ఆ అద్దం మేకుకు వేలాడుతోంది. దాన్ని ఇంకొకరి చేతికివ్వడానికి అతనికి మనసు రావడం లేదు. జుట్టు వస్తుంది, కనుబొమా వస్తుంది, అవి వచ్చే లోపల కూతురు తనకు రాకుండా పోతుందేమోనన్నది అతని భయం.

పోయిన వారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె ఓపిగ్గా చెప్పింది. ఇది మొండితనం కాదు, కావాలని చేసేదీ కాదు, చాలాసార్లు చెయ్యి వెళ్లిన సంగతి పిల్లకే తెలియదు. ఆపు, ఆపు అని వెంటపడొద్దు. కాపలా కాయొద్దు. వేళ్లకు వేరే ఏదైనా ఇవ్వండి, తనకి నచ్చింది తననే ఎంచుకోనివ్వండి. వారం వారం తీసుకురండి, మెల్లగా దారికొస్తుంది. సోమవారం నుంచి స్కూలుకి కూడా వెళ్లొచ్చు, అంది. ముగ్గురు పెద్దవాళ్లూ తలలూపారు. తలూపడంలో ఆ కుటుంబానికి సాటి లేదు. ఇంటికొచ్చాక నాయనమ్మ కాపలా కాసింది, తల్లి గంటకోసారి అద్దంలో చూడమంది, తండ్రి దూరం నుంచి గుడ్లురిమాడు.

రేపు ఆదివారం. ఎల్లుండే సోమవారం.

"ఒకటి అడుగుతాను, చెప్పండి," అంది భార్య. ఈసారి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "షాపులో ఒకరి తల దువ్వుతుంటే ఏదో కనిపించింది. మచ్చో, పుండో, పేలో. మీరేం చేస్తారు?"

"ఇప్పుడా గొడవెందుకు?"

"చెప్పండి. పెళ్లయిన కొత్తలో మీరే గొప్పగా చెప్పారు."

అతను నేల చూశాడు. పని నేర్పిన పెద్దమేస్త్రి మొదటి రోజే చెప్పిన మాట అది. తలలో ఏం కనిపించినా దువ్వెన ఆగకూడదు. ఆగిందంటే కుర్చీలో కూర్చున్న మనిషికి తెలిసిపోతుంది, వీడు చూశాడని. అదే వేగంతో పోవాలి. అడగకూడదు. బయటికి చెప్పకూడదు.

"పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా," అంది నాయనమ్మ సందు దొరికించుకుని.

"దారినపోయే వాళ్లకిచ్చే మర్యాద కన్నకూతురికి ఇవ్వకూడదా?" అంది భార్య.

అతను భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. "మీరిద్దరూ వంటింట్లోకి వెళ్లండి."

"నేనుంటే ఏంట్రా?" అంది నాయనమ్మ.

"నువ్వుంటే నీ గొంతుంటుందమ్మా."

ఆమె పీట చంకన పెట్టుకుని వెళ్లింది. కోడలు వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్లింది.

అతను తలుపుకు వీపు ఆనించి కింద కూర్చున్నాడు. పొద్దస్తమానం నిలబడి చేసే పని అతనిది, మోకాళ్లు మొరాయించాయి. షాపులో అయితే అతని నోటికి మూతపడదు. వానల దగ్గర నుంచి అల్లుళ్ల దాకా దేని గురించైనా మాట్లాడగలడు. ఇక్కడ ఒక్క మాట వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

"తలుపు తియ్యమని అడగను," అన్నాడు చివరికి. "ఊరికే కూర్చున్నాను."

అతను తువ్వాలు మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

"షాపుకి ఎవరొచ్చినా ముందు ఒకటి అడుగుతాను కదా. ఎలా కావాలండీ అని. పసిపిల్లాడొచ్చినా అడుగుతాను. ఆ రోజు నిన్ను అడగలేదు."

లోపల బకెట్ జరిగిన చప్పుడయింది. దాన్ని బోర్లించి దాని మీద కూర్చుందన్నమాట. ఆ మాత్రం చప్పుడుకే అతని ప్రాణం లేచొచ్చింది.

"అడగకపోవడం కాదు," అంది లోపలి గొంతు.

మూడు వారాల తర్వాత కూతురు అతనితో అన్న మొదటి మాట అది.

"మరేంటమ్మా?"

"దానికి ముందురోజు. అమ్మకి జ్వరమొచ్చి పడుకుంటే నువ్వు నాకు తల దువ్వావు."

అతనికి గుర్తుంది. పాపిడి పక్కన, పై జుట్టు కింద, అరచేతిలో సగమంత చోటు. అక్కడి వెంట్రుకలు ఒక్కోటి ఒక్కో పొడవు, గరుకుగా ఉన్నాయి. రోగం వచ్చి రాలిన చోటు నున్నగా ఉంటుంది. ఇది అలా లేదు. పనివాడి వేలికి ఆ తేడా తగలగానే, పీకిన చోటని తెలిసిపోయింది.

"నీ దువ్వెన ఆగింది నాన్నా."

అతను తువ్వాలు అంచును వేలికి చుట్టుకున్నాడు.

"ఎవరి తల మీదా ఆగదు. నేను రోజూ చూశాగా. తలనిండా కుట్లున్న తాతగారి మీద కూడా ఆగలేదు. నా మీద ఆగింది."

అతనికి ఏడుపొచ్చింది. వినబడకుండా ఏడుద్దామని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దానికి అంటిన నురగ కాస్తా కళ్లలోకి పోయింది. మంటకో బాధకో తెలియకుండా కళ్లు రెండూ ధారగా కారాయి.

"ఆగింది," అన్నాడు. "తప్పే. భయమేసి ఆగింది. నీ మీద ఏవగింపు కాదు చిన్నమేస్త్రీ. ఒట్టు."

"ఏడుస్తున్నావా?"

"సబ్బు పడింది."

లోపల బకెట్ తలుపు దగ్గరికి జరిగింది. అవతల ఒకరు వింటున్నారని తెలుస్తోంది.

"నాకే ఎందుకిలా?" అంది పిల్ల.

"నీకొక్కదానికే కాదు. షాపుకి ఒకాయన వస్తారు. తొమ్మిదేళ్లుగా వస్తున్నారు. చెవి పైన ఇంత చోటు ఉంటుంది, నీకున్నట్టే. పక్క జుట్టు దాని మీదికి వచ్చేలా కత్తిరిస్తాను."

"పిల్లాడా?"

"నాకంటే పెద్ద. ఉద్యోగం ఉంది, పెళ్లాం పిల్లలున్నారు. జోకులేస్తే పొట్ట చెక్కలవుతుంది."

"ఎవరు?"

"చెప్పను."

"నాకు కూడానా?"

"నీ గురించి ఆయనకి చెప్పను కదా. అలాగే ఆయన గురించి నీకూ చెప్పను."

పిల్ల ఆలోచించింది. ఆ లెక్క దానికి న్యాయంగానే తోచినట్టుంది.

"ఆయనకి తగ్గలేదా?"

అబద్ధం చెప్పడం ఎంత తేలికో అతనికి తెలుసు. షాపులో రోజుకు ఇరవై చెప్తాడు, మీ వయసే కనపడదండీ అని. "ఒక్కోసారి తగ్గి నిండా మొలుస్తుంది. మళ్లీ వస్తుంది. ఆయనకి డాక్టరమ్మ లేదు, చెప్పుకోడానికి ఎవరూ లేరనుకుంటా. నీకు అందరం ఉన్నాం, కాకపోతే అందరం ఒకేసారి మీద పడ్డాం."

"నాయనమ్మ మరీను."

"నాయనమ్మ సంగతి నేను చూసుకుంటా. ఆమె గొంతుకి మందు లేదు గాని, దూరంగా కూర్చోబెట్టొచ్చు."

లోపల చిన్న శబ్దం. నవ్వో, ముక్కు చీదడమో. అది నవ్వే అయి ఉండాలని అతను గట్టిగా కోరుకున్నాడు. ఆ ఊపులో మాటలు వాటంతటవే వచ్చాయి. "ఇంతకీ నా సంగతి విన్నావా? నువ్వు లోపల ఉన్నావని తెలిసి, సగం గడ్డం చేసిన మనిషిని అలాగే వదిలేసి వచ్చాను. పాపం ఆయన ఎవరింటికో భోజనానికి వెళ్లాలట..."

గడియ తీసిన చప్పుడయింది. అతను కంగారుగా జరిగి తలెత్తి చూశాడు.

ఎడమ కనుబొమ ఉండాల్సిన చోట ఎర్రబడిన చర్మం మాత్రం ఉంది. కుడివైపు సగం గీత. తల మీద పొట్టి జుట్టు, దాని మధ్యలో ఆ చోటు. పిల్ల అతని మొహం వైపు రెప్ప వెయ్యకుండా చూస్తోంది. దేనికోసం చూస్తోందో అతనికి తెలుసు.

"...ఒక చెంప అద్దంలా ఉంది, ఇంకో చెంప మేఘంలా ఉంది," అన్నాడు, గొంతు ఎక్కడా తెగనివ్వకుండా. "రెండో కుర్చీ ఆయన పూర్తి చేసుంటే సరే. చెయ్యకపోతే భోజనంలో అందరూ ఆయనకి ఒకవైపే కూర్చోవాలి."

పిల్ల ఇంకో క్షణం చూసింది. పెదవి వంకర తిరిగింది.

"ఆగలేదు," అంది. వచ్చి అతని ఒళ్లో కూలబడింది. పదకొండేళ్ల మోకాలు నేరుగా పొట్టలో గుచ్చుకుంది. అతను కిక్కురుమనలేదు. మూడు వారాలుగా మోస్తున్న బరువేదో దిగినట్టయింది అతనికి.

అప్పుడు చూశాడు, దాని ఎడమచేతిలో ఏముందో. పాత గడ్డం బ్రష్. పిల్ల బొటనవేలితో దాని కుచ్చును అటూ ఇటూ నిమురుతోంది.

"ఇది నాదే."

"డాక్టరమ్మ వేళ్లకి ఏదైనా పెట్టమన్నారుగా. అమ్మ తెచ్చిన రబ్బరు బంతి నచ్చలేదు. ఇది నచ్చింది. నీ సంచిలోంచి తీశా."

"దీని కోసం రెండో కుర్చీ ఆయన్ని వారం రోజులు దొంగని చూసినట్టు చూశాను."

"ఆయనకి సారీ చెప్పు."

"చెప్తాను." అతను గొంతు సవరించుకున్నాడు. షాపులో కొత్త మనిషి కుర్చీ ఎక్కినప్పుడు మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు. "మరి తమరికి ఎలా కావాలండీ?"

పిల్ల నిజంగానే ఆలోచించింది. "మిషన్ వద్దు. పెరగనీ. వారానికోసారి నువ్వే చూడు. చూసి ఏమీ అనకు. బాగుందని కూడా అనకు."

"అలాగేనండీ."

"రేపు షాపుకొస్తా. ఎవరూ ఉండకూడదు."

"పొద్దున్నే రా. ఆదివారం తెరిచే వేళకి చీమ కూడా ఉండదు," అన్నాడు తండ్రి. ఆ సంతోషంలో ఒక సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

వంటింటి గుమ్మంలో నాయనమ్మ ప్రత్యక్షమయింది. మనవరాలి మొహం చూసి, చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. తర్వాత చెయ్యి తీసి ఏదో అంది. ఎవరికీ వినబడలేదు.

"ఏంటత్తయ్యా?"

"ఆకలేస్తోందా అంటున్నా," అంది నాయనమ్మ, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ మాట్లాడనంత మెల్లగా. పిల్ల పడీపడీ నవ్వింది.

ఆదివారం పొద్దున షట్టరు సగమే ఎత్తారు. పిల్ల తలకు కట్టుకున్న గుడ్డ లోపలికి వచ్చాక విప్పేసింది. మేకుకు వేలాడుతున్న చిన్న అద్దం తీసి నోటితో ఆవిరి ఊది తుడిచింది. తండ్రి కత్తెరలు సర్దుతున్నాడు.

షట్టరు కింద బయట రెండు బూట్లు వచ్చి నిలబడ్డాయి. నల్లవి, మడమ దగ్గర అరిగినవి.

తొమ్మిదేళ్లుగా ఆ బూట్లు నెలకోసారి, ఆదివారం, షాపు పూర్తిగా తెరవకముందే వస్తాయి. ఎవరూ ఉండరనే వస్తాయి. కూతురు ఏ కారణానికి ఈ వేళ అడిగిందో, ఆయన కూడా అదే కారణానికి ఈ వేళ ఎంచుకున్నాడు. ఆ సంగతే నిన్న తలకు తట్టలేదు. వెనక గదిలోకి వెళ్లమని పిల్లకు చెబుదామనుకునే లోపు ఆయన వంగి లోపలికి వచ్చేశాడు.

పిల్ల స్కూలు బస్సు నడిపే డ్రైవరు. ఎండైనా వానైనా తల మీద టోపీ తియ్యని మనిషి.

"ఏం చిన్నమేస్త్రీ, మూడు వారాలుగా బస్సెక్కడం..." అన్నాడు. మిగతా మాట రాలేదు. పిల్ల తల చూశాడు, కనుబొమలు చూశాడు.

పిల్ల కూడా ఆయన్ని చూస్తోంది. జోకులేసే పెద్దాయన. తండ్రి చెప్పిన మాటలు ఒక్కొక్కటే ఆయనకు సరిపోవడం దాని కళ్లలో కనిపించింది. తొమ్మిదేళ్లు పెదవి దాటనివ్వని మాట, నోరు విప్పకుండానే బయటపడింది. ఆయన ఇప్పుడు వెనక్కి తిరిగి వెళ్లిపోతే తప్పు తనదే అనుకున్నాడు తండ్రి.

ఆయన వెళ్లలేదు. కుర్చీలో కూర్చుని, ఒక క్షణం ఆగి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తండ్రి గుడ్డ కట్టాడు. దువ్వెన తీశాడు. అది ఎడమ చెవి పైన ఆ చోటు మీదుగా, ఎప్పటి వేగంతోనే సాగిపోయింది. ఏ జోకూ లేకుండా ఆయన కటింగ్ పూర్తవడం అదే మొదటిసారి.

పిల్ల వచ్చి వెనక నిలబడింది. అద్దం ఎత్తి పట్టుకుంది. "వెనక బాగుందా అండీ?"

డ్రైవరు వెనక జుట్టు చూసుకోలేదు. ఎదుటి పెద్ద అద్దంలో పిల్లనే చూస్తున్నాడు.

"ఏ చేత్తో?" అన్నాడు నెమ్మదిగా.

తండ్రి చేతిలో దువ్వెన గాల్లోనే ఉండిపోయింది. ఆ షాపులో ఎవరూ ఎవర్నీ అడగని మాట అది.

"ఎడమ చేత్తో," అంది పిల్ల. "చదువుకునేటప్పుడు. మీరు?"

"నాదీ ఎడమే. సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు." ఆయన భుజాలు గుడ్డ కింద కిందికి దిగాయి. "ఎన్నేళ్లని? నీ అంత ఉన్నప్పటి నుంచీ. ఒక మాట ఉందమ్మా. మా ఆవిడకి కూడా చెప్పలేదు. చెప్తే వింటావా?"

పిల్ల అద్దం దించి తండ్రి వైపు చూసింది.

అతను వెళ్లి షట్టరు పూర్తిగా కిందికి లాగాడు. రెండో కుర్చీని తిప్పి, డ్రైవరుకు ఎదురుగా పెట్టాడు. పిల్ల దాని మీదికెక్కి, జేబులోంచి గడ్డం బ్రష్ తీసి ఎడమచేత్తో పట్టుకుంది.

బయట ఎవరో షట్టరు తట్టారు. "ఏమైంది, ఈ రోజు తెరవరా?"

"కాసేపాగండి," అన్నాడు తండ్రి లోపలి నుంచి. "లోపల మనుషులున్నారు."